రెండు గుక్కల టీ

పొట్టమీద సబ్బు నురగ ఆరకముందే బ్లేడు ఆడాలి. ఆరితే చర్మం పట్టేస్తుంది, ఎర్రటి పొక్కులు లేస్తాయి, డాక్టరు చూసి మొహం చిట్లిస్తాడు. అందుకే ఆమె ఎడమచేత్తో పెద్దావిడ పొట్టను మెత్తగా సాగదీసి పట్టుకుని, కుడిచేత్తో పైనుంచి కిందికి నెమ్మదిగా గీస్తూ వస్తోంది. మధ్యమధ్య బ్లేడును గోరువెచ్చని నీళ్ళలో జాడిస్తోంది. పెద్దావిడ కళ్ళు గట్టిగా మూసుకుంది.

ఆ ఆస్పత్రిలో ఆమెను అందరూ బ్లేడు పిన్ని అంటారు. మొదట్లో కోపమొచ్చేది, తర్వాత అసలు పేరుతో పిలిస్తే ఎవరినో అనుకునేంతగా అలవాటైపోయింది. ఆపరేషన్‌కి వెళ్ళే ఆడవాళ్ళను సిద్ధం చెయ్యడం ఆమె పని. బొడ్డులో మురికి దూదితో తీస్తుంది. గోళ్ళరంగు తుడుస్తుంది. బిగుసుకుపోయిన ఉంగరం రానంటే సబ్బు రాసి, కబుర్లు చెబుతూ, మనిషికి తెలియకుండానే జార్చేస్తుంది. కట్టుకున్న మొగుడికి కూడా తెలియని కట్టుడుపళ్ళు ఎందరివో ఆమె గిన్నెలోకొచ్చి పడ్డాయి. ఆ గుట్టు ఏనాడూ ఆమె నోరు దాటలేదు.

తోపుడు మంచాన్ని ఆపరేషన్ థియేటరు గుమ్మం ముందున్న ఎర్రగీత దాకా తోస్తుంది. గీత అవతల ఏం జరుగుతుందో ఇన్నేళ్ళలో ఒక్కసారీ చూడలేదు. ఇంటి దగ్గర భర్త, గోడ కడుతూ పరంజా మీంచి పడ్డప్పటి నుంచి, కిటికీ పక్కన కుర్చీలో కూర్చునే ఉంటాడు. ఆమె ఉద్యోగం కాంట్రాక్టరు చేతిలోది. ఎవరైనా ఒక్క ఫిర్యాదు చేస్తే మర్నాడు ఆ బ్లేడు ఇంకొకరి చేతిలో ఉంటుంది, ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది.

పెద్దావిడ దర్జీ షాపులో కూర్చుని బతుకంతా కాజాలు కుట్టిన మనిషి. పిత్తాశయంలో రాళ్ళు. నొప్పొచ్చినప్పుడల్లా మెలికలు తిరిగిపోతుంది గాని, కోత అనేసరికి ఏదో ఒక వంక పెట్టి తప్పించుకుంటూ వచ్చింది. ఇంకోసారి ముదిరితే మా చేతుల్లో ఉండదని డాక్టరు చెప్పాక కొడుకు బతిమాలి, అలిగి, అన్నం మానేసి ఎలాగో ఒప్పించాడు. పొద్దున్నే వరండాలో పిన్నిని పట్టుకుని మొర పెట్టుకున్నాడు కూడా. ఇవాళ గాని వెనక్కి పంపితే తన తల్లి మళ్ళీ ఈ గుమ్మం తొక్కదట.

"నోట్లో చుక్క పడకూడదు పెద్దమ్మా," అంది పిన్ని, తుడిచిన పొట్టమీద దుప్పటి కప్పుతూ. "మత్తిచ్చాక గొంతుకి కాపలా ఉండదు. కడుపులో ఉన్నది పైకొచ్చి ఊపిరితిత్తుల్లో పడిందంటే అంతే సంగతులు."

ప్రతివాళ్ళకీ ఇదే చెబుతుంది. మరీ నాలుక పిడచగట్టుకుపోతే తడిదూదితో పెదాలు అద్దుతుంది, అంతవరకే. పెద్దావిడ బుద్ధిగా తలూపింది. పస్తుండే తల్లి ముందు తనెలా తింటానని మొండికేసిన కొడుకుని కసిరి మరీ కిందికి తినడానికి పంపేసింది.

అయితే ఆ రోజు థియేటర్లోకి ఏదో ప్రమాదం కేసు వచ్చి పడింది. మిగతావన్నీ వెనక్కి జరిగాయి. ఎండ కిటికీ దాటి మంచం కాళ్ళ దాకా వచ్చింది. పిన్నికి ఈ తంతు కొత్త కాదు. ఇలా జరిగిన రోజున చివరివాళ్ళను రేపు రమ్మనడం ఆమె ఎన్నిసార్లు చూసిందో. పెద్దావిడకి తలనొప్పి మొదలై కళ్ళు లోతుకు పోయాయి. తడిదూది పెట్టబోతే పక్కకు తిరిగి పడుకుంది. కాసేపటికి, ఇవాళ ఇక ఉండదంటావా అని నీరసంగా అడిగింది.

ఉండదులే అనేసింది పిన్ని, డాక్టరు తనకి చెప్పి వెళ్ళినట్టే. అక్కడితో ఆగినా బాగుండేది. తనకోసం పోసుకున్న పాలటీ గ్లాసు తెచ్చి పెద్దావిడ తల కింద చెయ్యి పెట్టి లేపింది. రెండు గుక్కలు. ఎవరికీ చెప్పకని బుగ్గ తట్టి, గ్లాసు కడిగి బోర్లించి వచ్చింది. అంత మంచిపని చేశానని ఆమెకి అనిపించి చాలా రోజులైంది.

వచ్చేసరికి థియేటరు మనిషి వార్డు గుమ్మంలో ఉన్నాడు. ప్రమాదం కేసు త్వరగా అయిపోయిందట, కాజాల పెద్దమ్మను వెంటనే తెమ్మంటున్నారట.

పిన్ని మంచం తోస్తోంది. ఇప్పుడు చెప్పాలి, ఈ మలుపులో చెప్పాలి, లిఫ్టులో చెప్పాలి అనుకుంటూనే ఉంది. చెబితే తన ఇల్లు, చెప్పకపోతే ఈ ప్రాణం. ఎర్రగీత దగ్గర మత్తు డాక్టరమ్మ వంగి, ఏమన్నా తిన్నారా, తాగారా అని అడిగింది. పెద్దావిడ ఒక్కసారి పిన్ని మొహంలోకి చూసింది. ఎవరికీ చెప్పకన్న ఆమె మాట దాటకుండా, లేదంది.

"తాగింది డాక్టరమ్మా," అంది పిన్ని. "టీ తాగింది... నేనటు వెళ్ళొచ్చేలోపు తాగేసింది."

సగం వరకు నిజమే చెప్పింది. ఆ మిగతా సగం ఎక్కణ్ణుంచి ఊడిపడిందో ఆమెకే తెలియదు.

డాక్టరమ్మ గట్టిగానే మందలించింది. వారం తర్వాత రమ్మంది. కొడుకైతే వరండాలో అందరూ చూస్తుండగా తల్లి మీద విరుచుకుపడ్డాడు, చంటిపిల్లవా అన్నాడు, నీకోసం ఎవరెన్ని పాట్లు పడాలన్నాడు. పెద్దావిడ పైకప్పు కేసి చూస్తూ పడుకుంది. ఒక్కమాట, ఒకే ఒక్కమాట అంటే చాలు. అనలేదు. పిన్నికి అక్కడికక్కడే భూమిలోకి కుంగిపోవాలనిపించింది. తల్లి మీద పడుతున్న ప్రతి తిట్టూ తనదేనని తెలిసి, ఆ తిట్లు తనకు తగలకుండా ఆమె వెనక నిలబడిన తన మీద తనకే రోత పుట్టింది.

నిజం చెప్పేద్దామని సిస్టరు బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడింది పిన్ని. సిస్టరు తలెత్తి ఏంటి పిన్నీ అంది.

"ఫినాయిల్ అయిపోయిందమ్మా," అంది పిన్ని.

సాయంత్రం వాళ్ళు బయల్దేరారు. పెద్దావిడ తనే సంచి సర్దుకుంది. దువ్వెన, తువ్వాలు, అరిగిన సబ్బుముక్క కూడా కాగితంలో చుట్టి లోపల పెట్టింది. కొడుకు రిక్షా కోసం ముందు వెళ్ళాడు. గుమ్మం దగ్గర పిన్ని దారికడ్డంగా నిలబడి, వచ్చేవారం తప్పకుండా రా పెద్దమ్మా, నేనే దగ్గరుండి చూసుకుంటాను అని ఏదో గొణిగింది.

"టీ బాగుందమ్మాయ్," అంది పెద్దావిడ. "చక్కెరే కాస్త ఎక్కువైంది."

కోపం లేదు ఆ మాటలో. ఉంటే పిన్ని తట్టుకునేది. పెద్దావిడ గోడ పట్టుకుని నెమ్మదిగా మెట్లు దిగింది. వెనక్కి తిరిగి చూడలేదు.

పక్క మార్చడానికి పిన్ని దుప్పటి లాగింది. దిండు పక్కన కొత్త చొక్కా ఒకటి ఉంది. మెత్తని పాతగుడ్డతో కుట్టినది, వదులుగా, ఆపరేషన్ కుట్లకి ఒరుసుకోకుండా ముందువైపు నిలువునా తెరుచుకునేలా. కాజాలన్నీ చేత్తో కుట్టినవే, దారం వరసలు ఒకదాని పక్కన ఒకటి ఒద్దికగా ఉన్నాయి. సబ్బుముక్క మరచిపోని మనిషి దీన్ని మరచిపోదు. పిన్ని కిటికీలోంచి తొంగిచూసింది. రోడ్డుమీద రిక్షా ఏదీ లేదు.

ఆమె వెనక, ఖాళీ మంచం మీద, బొత్తాలన్నీ పెట్టి మడిచిన ఆ చొక్కా ఉంది.