దారి లేని ఇళ్లు

"ఎట్లా ఊరికేనే కదా కూర్చోబోతావు, ఈ మూడు దినాల్లో ఆ తూరుపు పేట నింపేయి."

నెలనెలా నేను చాప తీసుకుని పెరట్లో రేకుల గదికి వెళ్లేటప్పుడు మా ఆయన సెల్వకుమార్ నా చేతికి లాప్‌టాప్ ఇస్తూ అనే మాట ఇది. లాప్‌టాప్‌కి మైల లేదు. దాని కరెంటు తీగకీ లేదు. నేను తాకిన చెంబుని మా అత్త తంగం పసుపునీళ్లు చల్లి గానీ లోపలికి తీసుకోదు. నేను గీసిన ఊరిని మాత్రం ఆయన అట్లాగే తీసుకుని పైదేశానికి పంపిస్తాడు.

ఊరంటే నిజమైన ఊరు కాదు. కట్టుకథల పుస్తకాలకీ ఆటలకీ ఎక్కడా లేని నగరాల పటాలు గీసివ్వడం ఆయన పని. కోవిల్‌పట్టిలో ఇంట్లోనే కూర్చుని చేస్తాడు. కోటగోడ, నది, రేవు, రాజు మేడ, పెద్ద వీధులు ఆయన గీస్తాడు. అవి గీశాక తెల్లగా మిగిలిన చోటంతా ఇళ్లతో నింపాలి. అది నా పని. కంప్యూటరే నింపేసే మార్గం ఉంది గానీ, అట్లా నింపితే ఇళ్లు నేలమీద చల్లిన జొన్నల్లా ఉంటాయి, చూడగానే తెలిసిపోతుంది. చేత్తోనే నింపాలి. ముందు వీధి వెంట ఒక వరస, వీధి వైపు మొహం పెట్టి. తర్వాత ఆ వరస వెనక మిగిలిన లోపలి చోటు. పెద్ద ఇంటి పక్కన చిన్నది, చిన్నదాని పక్కన వంకరది, ఏ రెండూ ఒక్కలా ఉండకూడదు. ప్రతి కప్పుకీ నడిమి గీత, ఎండ పడని వైపు నీడ. అంతా అయ్యాక చూసేవాళ్లు కోటనే చూస్తారు. ఇళ్లు లేకపోతే మాత్రం ఊరు ఊరులా లేదంటారు.

పటం కింద మూలలో పేరు ఆయనది. ఒకసారి అడిగాను, నాది కూడా వేయొచ్చు కదా అని. "ఖాళీలు నింపినదానికి పేరా? కోట నువ్వు గీసినావా?" అని నవ్వాడు. "పత్తి ఏరేవాళ్లంతా పొలానికి పట్టా అడిగితే ఎట్లామ్మే?" అని మా అత్త అందుకుంది. ఇద్దరూ నవ్వారు. నేను కూడా నవ్వినట్టే గుర్తు.

మా పుట్టింట్లో డిగ్రీ చదివినదాన్ని నేనే మొదట. విరుదునగర్‌లో హాస్టల్లో ఉండి జాగ్రఫీ చదివాను. మొదటి నెల అలవాటు కొద్దీ చాప తీసుకుని వరండాలో కూర్చుంటే, వత్రాప్ నుంచి వచ్చిన మారియమ్మాళ్ అనే పిల్ల వచ్చి, "ఏం, లోపల ఫ్యాను తిరగలేదా?" అంది. చాప చుట్టుకుని లోపలికి వెళ్లాను. చదువు అయ్యేదాకా నేను ఏ రోజున ఎక్కడ కూర్చున్నానో ఎవరూ చూడలేదు. పెళ్లయి ఇక్కడికొచ్చాక మళ్లీ చాప పట్టాను. చదువుకున్నదానివి, ఎట్లా పట్టావు అని ఎవరైనా అడగొచ్చు. గొడవెందుకులే అని పట్టాను. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ మూడు రోజులు వంట ఉండదు కదా అని మొదట్లో సంతోషంగా కూడా ఉండేది. ఆయన లాప్‌టాప్ తెచ్చి ఇచ్చేదాకా.

పోయిన నెల పటం కొన్నవాళ్లు ఒక ప్రశ్న పంపారు. ఇళ్లు చాలా బాగున్నాయట. అయితే ప్రతి పేట చివరా, మిగతా ఇళ్లకి ఎడంగా, ఒక చిన్న ఇల్లు ఉంది, దానికి దారి లేదు, అందులో ఎవరుంటారు, చెబితే కథలో వాడుకుంటాం అన్నారు.

ఆయన నన్ను పిలిచి చూపించాడు. "ఏందిది?"

వంగి చూశాను. ప్రతి పేటలోనూ ఉంది. అన్ని ఇళ్లూ వీధిని చూస్తుంటే అదొక్కటీ అటు తిరిగి ఉంది. గీసినట్టు నాకే గుర్తు లేదు. మా అమ్మ ఊరు కయత్తారుకి అవతల. అక్కడ ఊరి బయట, గాలిమరలు తిరిగే చేల మధ్య, కిటికీ లేని గది ఒకటుంది. ముట్టిల్లు అంటారు. మా వాళ్లలో ఆడవాళ్లంతా ఆ మూడు రోజులూ అందులోనే ఉండాలి. జ్వరం వచ్చినా, చంటిబిడ్డ తల్లయినా. ఊరంటే నా చేతికి తెలిసింది అదే. కోట ఉన్నా రేవు ఉన్నా, ఆడవాళ్లున్న చోట ఆ గది ఉండి తీరాలనుకుని గీసేసింది.

"తెలీదు," అన్నాను.

"కావలివాని ఇల్లని రాసేస్తాను," అని రాసేశాడు. వాళ్లకి నచ్చింది కూడా.

నాకు మాత్రం ఏ పని చేస్తున్నా అదే మనసులో తిరిగేది. లోకంలో లేని ఊరు. ఏ అత్తా వచ్చి నన్ను ఆ గది అక్కడ కట్టమనలేదు. ఎట్లా కావాలంటే అట్లా కట్టుకోవచ్చు. అందులో కూడా నేనే గోడ లేపి, నేనే కప్పు వేసి, దారి మూసేశాను.

ఈ నెల ముట్టయినప్పుడు ఇంట్లో చెప్పలేదు. పెద్దగా ఆలోచించి చేసిన పని కాదు. పొద్దున పిండి పొంగి ఉంది, ఇడ్లీ పోశాను. దీపం పెట్టమంది అత్త, పెట్టాను. దీపం ఎప్పటిలాగే వెలిగింది. పప్పు చెడిపోతుందేమోనని మధ్యాహ్నం దాకా మూత తీసి తీసి చూశాను, డిగ్రీ చదివినదాన్ని. చెడలేదు. నడుము లాగేస్తోంది, వంట మానేందుకు లేదు, అయినా రేకుల గది కంటే ఇదే నయమనిపించింది.

రెండో రోజు ఆయన అడిగాడు. "ఇంకా కాలేదా నీకు? దక్షిణపు పేటంతా తెల్లగా ఉండాది. శుక్రవారానికి అడుగుతాండారు వాళ్లు."

"కాలేదు," అన్నాను.

మర్నాడు స్కూలు నుంచి ఆయనకి ఫోను వచ్చింది. "ఆర్తి పెద్దమనిషి అయిందంట, పోయి పిలుచుకుని రా," అన్నాడు. మా అమ్మాయి ఆర్తికి పన్నెండేళ్లు. ఆటోలో దారంతా నా చెయ్యి వదల్లేదు. "అమ్మా, నొప్పిగా ఉండాది," అంది. మళ్లీ తనే, "నేనూ ఇంక రేకుల గదికి పోవాలా?" అంది. ఆటో అబ్బాయి ముందర ఏం చెప్తాం అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి అత్త రేకుల గదిలో కొత్త చాప వేసి, ఒక పాత పళ్లెం చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. మొహమంతా సంతోషం. "నా బంగారు తల్లి! ఈ పక్క రావద్దమ్మా, ఇంటి పక్క సందులో నుంచి పెరట్లోకి పో. మీ మేనమామకి చెప్పినాను, ఆయనొచ్చి పెద్దమనిషి సడంగు చేసి నీళ్లు పోసేదాకా ఆడనే ఉండాల."

మా ఆయన కూడా బయటికొచ్చాడు. "పాత లాప్‌టాప్ పాపకిస్తానే. బొమ్మలు బాగా వేస్తాది కదా, దక్షిణపు పేట చిన్న ఇళ్లు నేర్పించు. బిడ్డకి పొద్దు పోవద్దా?" ఎంతో ప్రేమగా అన్నాడు.

ఆర్తి అప్పటికే సందు వైపు తిరిగింది. ఎవరూ తొయ్యలేదు. చెబితే వినే పిల్ల. నేనే అట్లా పెంచాను.

"అత్తా," అన్నాను, "నాకు మొన్ననే అయింది."

ఆమెకి అర్థం కాలేదు. "ఏమయింది?"

"మొన్న పొద్దునే. ఇడ్లీ నేనే పోసినాను. దీపం నేనే పెట్టినాను. నిన్న నీ కాళ్లకి నూనె రాసింది ఈ చేతులే."

ఆమె పళ్లెం మెల్లగా కింద పెట్టింది. "సామి ముందర దీపమా? అడిపావీ, పాపిష్టిదానా! మూడు దినాలుగా నాకు మైల కూడు పెట్టినావా?"

"నిన్న పులుసు బాగుండాదని రెండోసారి పోయించుకున్నావు అత్తా."

మా ఆయన అరుస్తాడనుకున్నాను. చెయ్యి ఎత్తినా ఎత్తుతాడనుకున్నాను. ఆయన నా వైపు ఒకసారి, ఆర్తి వైపు ఒకసారి చూసి, "అయితే దక్షిణపు పేట ఎవరు నింపేది?" అన్నాడు.

ఆయనకి మైల పట్టింపనుకుని ఇన్నేళ్లూ భయపడ్డాను. పట్టింపేమీ లేదు. నేను ఖాళీగా దొరకాలి, అంతే.

"మీరే నింపుకోండి," అన్నాను.

ఆర్తి చెయ్యి పట్టుకుని ముందు గుమ్మంలోంచే లోపలికి తీసుకెళ్లాను. వంటింట్లో పీట వేసి అన్నం పెట్టాను. హాల్లో అత్త మేం నడిచిన చోటల్లా బిందెలతో నీళ్లు కుమ్మరిస్తోంది. మధ్యమధ్య నా పుట్టింటినీ నా చదువునీ తిడుతోంది. ఆర్తి ముద్ద చేతిలో పట్టుకుని ఆ చప్పుడు వింటూ ఆగిపోయింది.

"తిను," అన్నాను. తినింది.

ఆ పూట మా అత్త అన్నం తాకలేదు. ఆమె ఎప్పుడు అలిగినా కంచం పట్టుకుని ఆమె వెనకాల తిరిగి, రెండు ముద్దలైనా తినిపించి గానీ నేను తినేదాన్ని కాదు. ఆ రోజు ఆమె అన్నం మీద మూత పెట్టి, నాక్కూడా వడ్డించుకుని, నా కూతురి పక్కన కూర్చున్నాను.