మైకమ్మ పళ్ళకు తీగలు

ఆ బస్ స్టేషన్‌లో ఆవిడ గొంతు తెలియనివాళ్ళు లేరు, మొహం తెలిసినవాళ్ళు అరుదు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫాం మీదికి వస్తుందో, ఏది ఆలస్యమో మైకులో చెప్పేది ఆవిడే. డ్రైవర్లూ కండక్టర్లూ అందరూ మైకమ్మ అనేవారు. మాట గంట కొట్టినట్టుండేది. నవ్వు మాత్రం ఎప్పుడూ అరచేతి చాటునే. పైవరసలో కోరపన్ను ఒకటి చోటు చాలక పక్కపన్ను భుజమెక్కి కూర్చుంది. "నవ్వు నాలుగు విధాల చేటు" అన్న సామెత తన పన్ను చూసే పుట్టిందని చిన్నప్పుడు నిజంగా నమ్మింది.

అలాంటిది, వెనక సందులో ఉన్న మైకు గదిని స్టేషన్ నడిమధ్యకి, నాలుగు వైపులా అద్దాలున్న గదిలోకి మారుస్తున్నారని తెలిసింది. తోటివాళ్ళు ఏసీ ఉంటుందని సంబరపడ్డారు. ఇక అందరికీ తన మొహం కనపడుతుందని మైకమ్మకి దడ పుట్టింది. ఆ దడలో భయం ఎంతో, సరదా ఎంతో ఆవిడకే తెలియలేదు. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా చెప్పేసింది.

"నేను పళ్ళకి క్లిప్పులు పెట్టించుకుంటున్నా."

టైర్ల షాపు నడిపే భర్త టీ కప్పు కింద పెట్టాడు. "ఇప్పుడా? అవి స్కూలు పిల్లలు పెట్టుకునేవి కదే! ఈ వయసులో ఎవరికి చూపించాలని?"

అత్తగారు అడ్డుపడుతుందేమోనని మైకమ్మ బిక్కుబిక్కుమంటూ అటు చూసింది. అత్తగారేమో కొడుకు వైపు తిరిగింది. "ఏరా, నువ్వు నలభై దాటాక మీసాలకి రంగు వేస్తున్నావే, అదెవరికి చూపించాలని? టైర్లకా?"

ఆయన మీసం తడుముకుంటూ టీ కప్పు మళ్ళీ అందుకున్నాడు.

ప్రైవేటు క్లినిక్‌లో సాయంత్రాలు కూడా చూస్తారని తెలిసి డ్యూటీ దిగాక భార్యాభర్తలు వెళ్ళారు. కుర్చీల నిండా యూనిఫాంల పిల్లలు. కౌంటర్లో అమ్మాయి తలెత్తి, "పాప ఏదండీ?" అంది.

"పాపని నేనేనమ్మా," అంది మైకమ్మ. పక్కనున్న తల్లులంతా ఒక్కసారి ఘొల్లున నవ్వారు.

డాక్టరమ్మ వయసులో చిన్నది, ఓపికలో పెద్దది. ముందు ఎక్స్‌రే తీయించింది. తర్వాత పెన్నులాంటి కెమెరా నోట్లో తిప్పుతుంటే, ఎదురుగా తెరమీద పళ్ళ వరసలు రంగుల్లో లేచి గుండ్రంగా తిరిగాయి.

"అమ్మో! నా నోట్లో ఇంత ఊరుందా!"

"ఊరు బానే ఉందండీ, రోడ్లే ఇరుకు," నవ్వింది డాక్టరమ్మ. "వయసుతో పనిలేదు. చిగుళ్ళు, ఎముక గట్టిగా ఉంటే చాలు. పన్ను పీకక్కర్లేదు, పక్కల్ని కాస్త అరగదీస్తే చోటొస్తుంది. ముందు క్లీనింగ్ చేసి, వెనక పుచ్చు పూడ్చాలి. ఏడాదిన్నర పట్టొచ్చు, అటూ ఇటూ కూడా కావచ్చు. నెలకోసారి రావాలి. బిగించినప్పుడల్లా నాలుగు రోజులు నొప్పి. ఇవన్నీ ఇప్పుడే చెప్తున్నా, తర్వాత నన్ను తిట్టుకోకూడదు."

భర్త గొంతు సవరించుకున్నాడు. "మధ్యలో క్లిప్పు ఊడితే మళ్ళీ అతికించడం ఈ ఫీజులోనేనా? అయిపోయాక వారంటీ ఎన్నాళ్ళు?"

"అతికించడం ఇందులోనే. తీగలు తీశాక రిటైనరని ఒకటిస్తాం, అదీ ఇందులోనే. రాత్రిళ్ళు అది పెట్టుకున్నంతకాలం వారంటీ. మానేస్తే పళ్ళు మళ్ళీ పాత ఇంటికి బయల్దేరతాయి."

పంటి రంగులో కనపడనివి ఉన్నాయి, తీసి పెట్టుకునే పారదర్శకమైన తొడుగులూ ఉన్నాయి అని చూపించింది. మైకమ్మ అన్నీ చేతిలోకి తీసుకుని చూసింది. చివరికి మామూలు లోహపువే చాలంది. వాటికి చుట్టే చిన్న రబ్బరు రింగుల్లో రంగులున్నాయనగానే ఆవిడ కళ్ళు మెరిశాయి. "నెమలిపింఛం రంగు ఉందా?"

క్లిప్పులు అతికించేటప్పుడు నొప్పే లేదు. బుగ్గలు రెండువైపులా లాగిపెట్టారు, ఏదో పుల్లటి మందు రాసి కడిగారు, ఒక్కో పంటికీ జిగురు పెట్టి నీలం లైటు చూపించారు. చివర్లో తీగ దూర్చి రింగులు తొడిగారు. అద్దంలో చూసుకుని ఆవిడ చిన్నపిల్లలా కాళ్ళు ఊపింది. నొప్పి ఆ రాత్రి వచ్చింది. మెత్తటి అన్నం కూడా ఇనుప గుగ్గిళ్ళయింది. కట్టుడు పళ్ళు తీసిపెట్టిన అత్తగారు, కొత్త తీగల కోడలు ఎదురెదురుగా కూర్చుని సూప్ తాగారు. బుగ్గ గీరుకున్నచోట తీగ మీద డాక్టరమ్మ ఇచ్చిన మైనం ఎలా అద్దాలో అత్తగారే దీపం దగ్గర పట్టి చూపించింది.

అసలు చిక్కు మర్నాడు మైకు ముందు వచ్చింది.

"ప్రయాణికులకు షూచన," అంది గంటలాంటి గొంతు. "షిటీ బష్షు..."

బెంచీ మీద పెద్దాయన పక్కవాణ్ణి అడిగాడు, "ఎవరిదో షూ పోయినట్టుందే?"

స్టేషన్ అంతా నవ్వు పాకింది. సూపర్‌వైజర్ మంచివాడే. "నాలుగు రోజులు రికార్డింగ్ వేద్దాంలే అమ్మా," అన్నాడు. ఆ మంచితనమే ఆవిడకి సూదిలా గుచ్చుకుంది.

ఇంటికెళ్ళి దుప్పటి ముసుగేసింది. అత్తగారు ముసుగు లాగేసింది.

"నా పళ్ళు కొత్తగా పెట్టినప్పుడు నేను చాకలాయనతో 'షబ్బు షరిగ్గా పెట్టు' అన్లేదూ? నాలిక కొత్తింటికొచ్చిన కోడలేనమ్మా. నాలుగు రోజులు గుమ్మాలకి గుద్దుకుంటుంది, తర్వాత ఇల్లంతా తనదే. లే, చదువు."

అత్తగారు కండక్టరు, కోడలు మైకు. ఇంట్లో ఉన్న సకార శకారాలన్నీ బయటికొచ్చాయి. సబ్బు, సంచి, సీసా, శనగలు. తప్పు పలికినప్పుడల్లా ఇద్దరూ పడీపడీ నవ్వారు. నవ్వుతున్నప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకోవడం మర్చిపోయానని కోడలికి చాలాసేపటికి గానీ తట్టలేదు.

ఆ వారంలోనే అద్దాల గది తెరిచారు. అదే సాయంత్రం కుండపోత. మూడో ప్లాట్‌ఫాం నీట మునిగితే ఆఖరి బస్సుని తొమ్మిదో దాని మీదికి మళ్ళించారు. రికార్డింగ్ మాత్రం తనకేం పట్టనట్టు "మూడో ప్లాట్‌ఫాం" అని పాడుతూనే ఉంది. మూటలతో, చంటిపిల్లలతో జనం ఒక చివర, ఇంజన్ వేసుకుని బస్సు ఇంకో చివర. సూపర్‌వైజర్ ఎక్కడున్నాడో!

మైకమ్మ రికార్డింగ్ ఆపేసి మైకు లాక్కుంది. నాలికని ఆచితూచి ఎత్తింది.

"ప్రయాణికులకు సూచన. ఆఖరి బస్సు మూడో ప్లాట్‌ఫాం మీద లేదు. తొమ్మిది. తొమ్మిదో ప్లాట్‌ఫాంకి పరుగెత్తండి. డ్రైవరుగారూ, కాస్త ఆగండి, మీవాళ్ళు వస్తున్నారు!"

జనం ఒక్కుమ్మడిగా కదిలారు. అద్దాల అవతల మూటలెత్తుకున్న ఒకావిడ పరుగులోనే ఇటు తిరిగి చెయ్యూపింది. మైకమ్మ తీగలూ రింగులూ అన్నీ కనపడేలా నవ్వింది. తడిసి ముద్దయి వచ్చిన సూపర్‌వైజర్ రికార్డింగ్ పెట్టె వైరు తనే పీకేశాడు.

తర్వాతి నెలలు పండగలా గడిచాయి. ప్రతిసారీ తీగ మారేది, రింగుల రంగు మారేది, ఆ రంగేమిటో చూడ్డానికి కండక్టర్లు పని కల్పించుకుని వచ్చేవారు. ఒకసారి వేయించిన గింజలు కొరికి క్లిప్పు ఊడగొట్టుకుని డాక్టరమ్మ చేత చీవాట్లు తింది. భుజమెక్కిన పన్ను మాత్రం అలిగిన అల్లుడిలా మెల్లగా, బెట్టుగా దిగొచ్చి వరసలో కూర్చుంది. అనుకున్నదానికంటే ఇంకొన్ని నెలలు ఎక్కువే పట్టింది.

తీగలు తీసినప్పుడు టకటకమని ఊడిన చప్పుడు, జిగురు గీకిన గరగర వినిపించాయి. ఆ తర్వాత నాలిక పళ్ళ మీద జర్రున జారింది. "సబ్బు ముక్కలా ఉన్నాయండీ!" అంది మైకమ్మ. రిటైనరు డబ్బా చేతిలో పెడుతూ డాక్టరమ్మ నియమాలన్నీ మళ్ళీ అప్పజెప్పింది.

బయట హాల్లో ఒక పెద్దావిడ, టీచరట, ఒళ్ళో సంచి గట్టిగా పట్టుకుని కూర్చుంది. మైకమ్మ పళ్ళ వైపు ఆశగా చూసి గొంతు తగ్గించింది.

"చాలా నొప్పాండీ?"

"నొప్పే," అంది మైకమ్మ పక్కన చతికిలబడుతూ. "మొదటి వారం మాట కూడా తిరగదు. మీకు పాఠాలు చెప్పే పని కదా, సెలవుల్లో పెట్టించుకోండి. అది సరే, రంగేమనుకున్నారు?"

టీచరు సిగ్గుపడింది. "ఎరుపు బావుంటుందంటారా?"

భర్త వీధిలోంచి స్కూటరు హారను కొట్టాడు. మైకమ్మ ఆగమన్నట్టు చెయ్యూపి, కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.