మిరపకాయ ఎరగని విందు

పెనుకొండ బస్టాండు వెనక శారదమ్మ భోజనశాల గోడ మీద పెద్ద అక్షరాలతో ఒక మాట రాసి ఉండేది: "రాయలవారి వంటింటి రుచి". ఆ మాట రాయించింది ఆమె భర్త రామచంద్రయ్య. దానికి చిలవలు పలవలు అల్లింది మాత్రం శారదమ్మే. కాపురానికి వచ్చిన కొత్తలో, తన అత్తింటి పెద్దలు కోటలో రాయలవారి గగనమహలు వంటింట్లో నీళ్లు మోసేవాళ్లని చెప్పేది. కొన్నాళ్లకు వాళ్లు కూరలు తరిగే స్థాయికి ఎదిగారు. 1959 వచ్చేసరికి రాయలవారు వాళ్ల చేతి వంట తప్ప ఇంకొకరిది ముట్టేవారే కాదు. అదేమని నిలదీసినవాళ్లు లేరు. ఆమె వేరుశెనగలు వేయించి దంచిన చెనక్కాయల కారం నాలుకకు తగిలాక చరిత్ర అడిగే ఓపిక ఎవరికుంటుంది?

ధర్మవరం పట్టుచీరల వ్యాపారి లక్ష్మన్న కూడా ఆ కారానికి పడిపోయినవాడే. కొడుకు పెండ్లి కుదిరిందో లేదో, పెండ్లిలో రాయలవారి భోజనం పెట్టిస్తానని ఊరంతా చాటింపు వేసుకున్నాడు. కాబోయే వియ్యంకుడు హనుమంతరాయుడు హిందూపురంలో చరిత్ర పాఠం చెప్పే అయ్యవారు. ఒకనాటి మధ్యాహ్నం లక్ష్మన్న ఆయన్ను వెంటబెట్టుకొచ్చి శారదమ్మ భోజనశాలలో కూర్చోబెట్టాడు.

శారదమ్మకు ఆ పెండ్లి వంట మీద ప్రాణం ఉంది. ఇన్నేళ్లూ ఆమె వడ్డించింది బస్సు ఎక్కడ వెళ్లిపోతుందోనని గబగబా మింగి పరుగెత్తేవాళ్లకు. కూర ఎట్లా ఉందో చెప్పే తీరిక వాళ్లకు ఉండేది కాదు. ఒక్కసారి ఒక ఊరు ఊరంతా తీరిగ్గా కూర్చుని తన వంట తినాలి, తన పేరు చెప్పుకోవాలి. అంతకు మించి ఆమెకు కోరికల్లేవు. అందుకే ఆ పూట కొసరి కొసరి వడ్డించింది.

"ఈ చెనక్కాయల కారం లేందే రాయలవారి తాతలు కూడా ముద్ద ముట్టేవారు కాదు, అయ్యవారూ" అంది.

హనుమంతరాయుడికి ఒక జబ్బు ఉండేది. తప్పు మాట చెవిన పడితే దాన్ని సరిచేసేదాకా ఆయనకు తిన్నది అరగదు.

"కారం బాగుండాదమ్మా, కాదనను. కానీ ఆ కాలంలో చెనక్కాయ ఈ దేశంలో లేదు. మిరపకాయా లేదు. రెండూ అమెరికా ఖండంలో పుట్టినవి. బుడతకీచులు, అంటే పోర్చుగీసువాళ్లు, ఓడలేసుకొని వచ్చినాకనే మనకు తెలిసినాయి. రాయలవారి తాతలు మిరపకాయను కంటితో కూడా చూసిండరు."

"హిందూపురం సంతలో కుప్పలు పోస్తారే, ఆ మిరపకాయేనా మీరు చెప్పేది?"

"అదే. టమాటా, ఉర్లగడ్డ, అవీ అంతే."

"మరి వాళ్లు ఏం తిని బతికినారు?"

"మిరియాలుండె కదమ్మా" అన్నాడాయన తాపీగా.

శారదమ్మకు ఒళ్లు మండింది. నోటికి కారమే తగలని రాజులు అన్ని యుద్ధాలు ఎట్లా గెలిచారో ఆమెకు అంతుబట్టలేదు. కానీ ఆయన మొహంలో ఎగతాళి లేదు. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది, ఎగతాళి చేసే మనిషైతే తిట్టి పంపేది.

లక్ష్మన్న మొహం మాడిపోయింది. "ఊరంతా చెప్పుకుంటి కదమ్మా. పెండ్లిలో పదిమందీ ఇదే అడిగితే నేను తల యాడ పెట్టుకోవాల? ఏమీ అనుకోవద్దు. హిందూపురం వంటోళ్లను మాట్లాడుకుంటాలే."

"ఉండప్పా లక్ష్మన్నా" అంది శారదమ్మ. "రాయలవారి తాతలు ఏం తిన్నారో అదే వండుతా. బేస్తవారం మీ అమ్మను కూడా పిల్చుకొని రా. తిన్నాక నచ్చకపోతే అప్పుడు పో హిందూపురం."

అనడమైతే అనేసింది. బేస్తవారం పొద్దున స్నానం చేసి పొయ్యి దగ్గర కూర్చున్నాక గానీ అసలు చిక్కు తెలియలేదు. మిరపకాయ తీసేసింది. చెనక్కాయ తీసేసింది. టమాటాలు, బంగాళాదుంపల బుట్ట అవతలికి నెట్టింది. సగం వంటిల్లు ఖాళీ అయినట్టుంది. సరే, అరటికాయ ఉంది, కాకరకాయ ఉంది, కంద ఉంది. ఆ తర్వాత ఏం చెయ్యాలా అని ఆలోచిస్తూ ఉండగానే ఆమె చేతులు పని మొదలుపెట్టాయి. మినప్పిండిలో మిరియాలు దంచి వేసి గారెలు తట్టింది. పెసరపప్పు ఉడకేసింది. అల్లం పచ్చడి నూరింది. నువ్వులు వేయించి బెల్లంతో ఉండలు చుట్టింది. ఎక్కడా తడుముకోలేదు. తన పనితనానికి తనే మురిసిపోయింది.

రామచంద్రయ్య వీధిలోంచి వచ్చి, వంటింటి గడప దగ్గర ముక్కు ఎగబీల్చి ఆగిపోయాడు.

"ఈ పొద్దు ఎవరి తద్దినమే? మా అమ్మది ఇంకా రెండు నెలలు ఉండాది కదా."

శారదమ్మ చేతిలోని నువ్వుండ కింద పడింది. ఏటేటా అత్తగారి తద్దినానికి వండేది ఇదే. మిరపకాయ తగలకూడదు, కారమంతా మిరియాలతోనే, టమాటా, ఉర్లగడ్డ లాంటి సీమ కూరలు ఏవీ గడప దాటి రాకూడదు. అత్తగారు అట్లా నేర్పింది, ఎందుకని ఆమె అడగలేదు. ఇప్పుడు పెండ్లి మాట మీద వస్తున్న మనుషులకు చావు రోజు కూడు వండి పెట్టింది. లక్ష్మన్నకు తెలిస్తే ఆ గుమ్మం మళ్లీ తొక్కుతాడా?

"అన్నింట్లో గుప్పెడు ఎండుకారం పడెయ్యి" అన్నాడు రామచంద్రయ్య. "వాళ్లకేం తెలుస్తాది."

ఆమె కారం జాడీ మూత తీసింది. ఘాటుకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చాలాసేపు అట్లాగే చూసి మూత పెట్టేసింది. అత్తకు ఆమె అత్త నేర్పింది, ఆమెకు ఇంకో అత్త. మిరపకాయ ఓడ దిగకముందు నాటి వంట, చేతి నుంచి చేతికి మారుతూ ఈ పొయ్యి దాకా వచ్చింది. లేని గొప్పలు ఇన్నేళ్లు చెప్పుకుంది. ఉన్న గొప్ప ఇంట్లోనే ఉంటే ఒక్కనాడూ దాని మొహం చూడలేదు. ఆమెకు భయం పోలేదు గానీ గర్వం దాన్ని మించిపోయింది.

"ఇట్లనే వడ్డిస్తా. అడిగితే దాచను కూడా" అంది.

వాళ్లు ముగ్గురూ వచ్చి విస్తళ్ల ముందు కూర్చున్నారు. లక్ష్మన్న తల్లి సిద్ధమ్మ ముసలిది, మాట తక్కువ మనిషి. హనుమంతరాయుడు గారె తుంచి నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"ఈ వంట నీకెట్ల తెలిసిందమ్మా?"

"మా ఇంట్లో ఏటా ఒకసారి వండుతాం" అంది శారదమ్మ. మిగతా మాట కూడా చెప్పేసింది. "తద్దినానికి. పోయినోళ్లకు వాళ్లెరిగిన వంటే పెట్టాల కదా. వాళ్లు మిరపకాయ ఎరగరు. అందుకే మా అత్త దాన్ని రానిచ్చేది కాదని ఈ పొద్దే తెలిసింది."

లక్ష్మన్న విస్తరి ముందు నుంచి దిగ్గున లేచాడు. "తద్దినం కూడంటావా? నా కొడుకు పెండ్లి పెట్టుకొని నాకు పెట్టేది ఇదా?"

శారదమ్మ గరిటె పట్టుకుని కదలకుండా నిలబడింది. పెండ్లి వంట చెయ్యి జారిపోయినట్టేనని ఆమెకు తెలుసు. అయినా చెప్పినందుకు చింత లేదు.

సిద్ధమ్మ మాత్రం తింటూనే ఉంది. పప్పూ అన్నం కలుపుకుని, ముద్ద మింగి, అప్పుడు తలెత్తింది.

"కూచోరా. విస్తరి ముందర నుంచి లేస్తారా ఎవరన్నా? పెండ్లికి ముందు మన పెద్దోళ్లకు గుడ్డలు పెట్టి, కూడు పెట్టుకుంటాం కదా?"

"పెట్టుకుంటాం" అన్నాడు లక్ష్మన్న నిలబడే.

"మీ నాయన సంగతి సరే, ఆయనకు కారం లేందే ముద్ద దిగేది కాదు. ఆయన తాతల తాతలున్నారే, వాళ్లకు కూడా ఇన్నేండ్లూ మిరపకాయల కూడే పెడతా వచ్చినాం. నోరు మండి ఎంత అల్లాడినారో ఏమో పాపం. పెట్టినోళ్లమే గానీ ఒకరన్నా అడిగినామా?"

లక్ష్మన్న మెల్లగా కూర్చున్నాడు. ముసలామె శారదమ్మ వైపు తిరిగింది.

"పెద్దోళ్ల కూడు ఇట్లనే వండమ్మా. మరునాడు పెండ్లి కూడు మాత్రం కారంగా చెయ్యి. రెండూ నీ చేతనే."

శారదమ్మకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. వంగి ఆమె అన్నం మీద మిరియాల చారు పోసింది.

"ఈసారి మీ పెద్దోళ్లకు కడుపు నిండా పెడతానవ్వా" అంది.