ఇరవై ముగ్గురి లెక్క

మూడో తరగతిలో పరీక్ష పెట్టి, సింగపూర్ మొత్తం మీద మెరికల్లాంటి పిల్లల్ని ఏరి, కొన్ని బడుల్లో వేరే సెక్షన్లుగా కూర్చోబెడతారు. అలాంటి ఒక సెక్షన్‌కి నేను ఆరో తరగతి టీచర్ని. ఏరిన పిల్లలైనా సరే, ఆరో తరగతి చివర ఊళ్ళో అందరూ రాసే పరీక్షే రాయాలి. ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, మాతృభాష అని నాలుగు సబ్జెక్టులు, ఒక్కోదానికి ఒకటి నుంచి ఎనిమిది దాకా గ్రేడు. ఒకటి అన్నిటికన్నా మేలు. నాలుగిట్లోనూ ఒకటి తెచ్చుకుని మొత్తం నాలుగు చేసినవాళ్ళు మొనగాళ్ళు.

మా సెక్షన్లో ఎంతమందికి నాలుగు వస్తుందో బయటికి చెప్పకూడదని బడి నియమం. పిల్లల మీద ఒత్తిడి తగ్గాలని పెట్టారు. ఉద్దేశం మంచిదే. కానీ నాలుగు వచ్చినవాళ్ళ అమ్మానాన్నలు ఫోన్ గ్రూపుల్లో కేకుల ఫోటోలు పెడతారు. ఐదూ ఆరూ వచ్చినవాళ్ళు కిక్కురుమనరు. బయటివాళ్ళకి కేకులే కనబడతాయి కనుక, ఆ సెక్షన్లో అందరికీ నాలుగే అని ఊరు తీర్మానించేసింది. అది అబద్ధమని తెలిసీ నేను ఏళ్ళ తరబడి నోరు మూసుకున్నాను. ఉద్యోగం కదా.

సెప్టెంబరులో పెద్దవాళ్ళ మీటింగుకి మా సెక్షన్ పిల్ల రూయెన్ తరఫున వాళ్ళ నానమ్మ వచ్చింది. అమ్మానాన్నలిద్దరికీ షిఫ్టు డ్యూటీలు. ముసలావిడ మార్కెట్లో చేపల దుకాణం మూసి, రబ్బరు బూట్లతోనే నేరుగా వచ్చేసింది.

"టీచరమ్మా, మా పిల్లకి నాలుగే గదా? మీ క్లాసులో ఇంకో అంకె రాదంట. కూరగాయల కొట్టామె చెప్పింది."

"బాగా చదువుతోంది ఆంటీ."

"నేనడిగింది అది కాదు."

"పరీక్ష రాయనివ్వండి, చూద్దాం."

"మంత్రిగారిలా మాట్లాడతావే నువ్వు," అని నవ్వింది.

పక్కనే కూర్చున్న రూయెన్ నవ్వలేదు. ఆ పిల్లకి చైనీసు కొరకరాని కొయ్య. ఇంట్లో అమ్మానాన్నలతో ఇంగ్లీషు, అహ్ మా అని పిలిచే నానమ్మతో టియోచూ అనే వేరే చైనా యాస. బడి చైనీసు బళ్ళోనే మొదలై బళ్ళోనే ఆగిపోయేది. అందరికీ నాలుగు రాదమ్మా అని ఆవేళ ఒక్క ముక్క చెప్పి ఉండాల్సింది నేను. చెప్పలేదు.

నవంబరులో ఫలితాలొచ్చాయి. పద్ధతి ప్రకారం పెద్దవాళ్ళు కింద క్యాంటీనులో ఆగుతారు. పైన క్లాసులో నేను ఒక్కొక్కరినీ పిలిచి కాగితం చేతికిస్తాను. తర్వాత పిల్లలు కిందికెళ్ళి పెద్దవాళ్ళని వెంటబెట్టుకొస్తారు. బోర్డు ముందు ఫోటోలు, టీచరుకి థాంక్యూలు, అంతే.

రూయెన్‌కి ఆరు వచ్చింది. మూడిట్లో ఒకటి, చైనీసులో మూడు. కాగితం ఒక్కసారి చూసి, నాలుగు మడతలు పెట్టి, బెంచీ మీద తల వాల్చేసింది. ఆ తర్వాత ఎడ్రిక్ వచ్చాడు. లెక్కల్లో వాడిని మించినవాడు నాకింతవరకు తగల్లేదు. కొన్ని లెక్కలు వాడు చేసిన దారి అర్థం చేసుకోవడానికే నాకు సాయంత్రమయ్యేది. వాడికి వ్యాసం రాయమంటే నాలుగు వాక్యాల్లో తేల్చేసేవాడు. కాగితం చూసి, భుజాలెగరేసి, జేబులో కుక్కుకున్నాడు.

"మా ఇంటెదురు స్కూల్లో సీటొచ్చేస్తుంది మిస్," అన్నాడు తాపీగా. వాడికే దిగులూ లేదు.

అందరూ లేచారు. రూయెన్ లేవలేదు. వంగి పలకరించాను.

"కిందికెళ్ళవా? నానమ్మ ఎదురుచూస్తుంటుంది."

"వెళ్ళను మిస్. అందరికీ నాలుగే. నాకొక్కదానికే ఇలా. మార్కెట్లో అందరికీ ముందే చెప్పేసుకుంది ఆవిడ."

"అందరికీ రాలేదు."

"ఊరికే అంటున్నారు. మీరెప్పుడూ ఏదీ సరిగ్గా చెప్పరు."

ఆ మాటకి నాకు రోషం వచ్చింది, సిగ్గూ వేసింది. లేచి బోర్డు దగ్గరికి వెళ్ళాను. పేర్లు లేకుండా రాశాను. నాలుగు వచ్చినవాళ్ళు ఎనిమిది మంది. ఐదు, ఆరుగురికి. ఆరు, ఐదుగురికి. ఏడు, ముగ్గురికి. ఎనిమిది, ఒక్కరికి. మొత్తం ఇరవై ముగ్గురు.

తలుపు దాకా వెళ్ళినవాళ్ళు ఆగారు. ప్రతి ఒక్కరూ తమ వరుస వెతుక్కున్నారు. రూయెన్ తలెత్తి మూడో వరుస చూసింది.

"ఇంకా నలుగురున్నారా?" అంది.

"ఉన్నారు. నాలుగు రానివాళ్ళు పదిహేనుమంది. ఏటా అంతే, ఇంచుమించు."

"మరి ఎవరూ చెప్పరేం?"

"నేనూ చెప్పలేదుగా."

మొహం తుడుచుకుని కిందికి పరిగెత్తింది. మిగతావాళ్ళూ వెళ్ళారు. మంచి పని చేశానని తెగ మురిసిపోతూ వెనక్కి తిరిగాను. ఎడ్రిక్ అక్కడే ఉన్నాడు. బోర్డు చివరి వరుస చూస్తున్నాడు. తాపీగా జేబులో కుక్కుకున్న కాగితం ఇప్పుడు చేతిలో ఉంది. ఎనిమిది వచ్చిన ఆ ఒక్కడూ వాడే. ఒకరిని లేపబోయి ఇంకొకడిని పడేశాను, అదీ ఏ దిగులూ లేకుండా నిలబడి ఉన్నవాడిని.

"ఎడ్రిక్..."

"పర్లేదు మిస్. ఎవరో ఒకరు చివర ఉండాలిగా." కాస్త ఆగాడు. "మా అమ్మ పైకొస్తుంది. చూస్తుంది."

"తుడిచేస్తాను."

"వద్దు. రూయెన్ వాళ్ళ నానమ్మ చూడాలి."

"పోనీ, చివరి వరుస ఒక్కటీ తుడుస్తాను."

"అప్పుడు ఇరవై రెండే అవుతారు. మా అమ్మ బ్యాంకులో పని చేస్తుంది మిస్, కూడేస్తుంది."

వాడే డస్టర్ తీసుకున్నాడు. ఏడు వరుసలో మూడు తుడిచి రెండు రాశాడు. ఎనిమిది వరుసలో ఒకటి తుడిచి రెండు రాశాడు. రెండడుగులు వెనక్కి వేసి, పెదవులు కదుపుతూ కూడాడు.

"ఇరవై మూడు. సరిపోయింది," అన్నాడు.

పన్నెండేళ్ళవాడు నా తప్పు నాకంటే శుభ్రంగా దిద్దాడు. నాకు ఏడుపొచ్చింది.

మెట్ల మీద చప్పుడైంది. రూయెన్ నానమ్మని చేయిపట్టుకుని తెచ్చింది. ఆవిడ బోర్డు దగ్గరికంటా వెళ్ళి వేలుపెట్టి చూసింది.

"మనదేదే?"

"ఆరు, అహ్ మా. ఐదుగురం."

"ఐదుగురా? అందరికీ నాలుగే అందే ఆ కూరగాయలది. దాని మనవడికి ఎంతొచ్చిందో ఒక్కనాడూ చెప్పలేదు, ఇప్పుడర్థమైంది." మనవరాలి తల నిమిరి, "పద, ఆకలేస్తోంది," అంది.

రూయెన్ కదల్లేదు. చివరి రెండు వరుసలు చూసింది, తర్వాత ఎడ్రిక్‌ని చూసింది. ఈలోగా గది నిండిపోయింది. పిల్లలందరి చూపూ ఒకే చోట ఆగింది. ఆ అంకెలు మారాయని పట్టుకోలేనివాళ్ళు ఆ క్లాసులో లేరు. ఏడు వచ్చిన ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు.

ఎడ్రిక్ వాళ్ళమ్మ అందరికన్నా వెనక వచ్చింది. కొడుకు కాగితం చూసింది, బోర్డు చూసింది, నిజంగానే వేళ్ళ మీద కూడింది. ఆవిడ మొహం మాడింది గానీ, కాసేపటికి కాస్త తేరుకుంది.

"నీతోపాటు ఇంకొకడున్నాడన్నమాట. పోన్లే. ఎవడ్రా ఆ రెండోవాడు?"

గదిలో ఒక్క పిల్లా నోరెత్తలేదు.

"తెలీదమ్మా," అన్నాడు ఎడ్రిక్. "అలాంటివాళ్ళు చెప్పుకోరు."