ఎలియాజర్ విసిరిన వల

అమెరికాలోని కరోలినా తీరాన ఒక చిన్న దీవిలో ఉండే ఎలియాజర్ బడి మెట్లెక్కి అరవై ఏళ్లు దాటింది. చిన్నప్పుడు బళ్లో దీవి మాట, అంటే అక్కడి నల్లవాళ్లు ఇళ్లలో మాట్లాడుకునే యాస, నోటి నుంచి జారితే పంతులమ్మ అతని వేళ్ల మీద స్కేలుతో కొట్టేది. అందుకే, ఇప్పుడు అదే బళ్లో రెండో తరగతికి పాఠాలు చెప్పే మేనకోడలు లవీనియా వచ్చి, నల్లవాళ్ల చరిత్ర పాఠానికి రొయ్యల వల పట్టుకుని రమ్మంటే ముందు కుదరదన్నాడు.

"వల అల్లడం నీతోనే పోతే ఎలా మావయ్యా?" అని ఆమె వారం రోజులు వెంటపడింది.

చివరికి ఒప్పుకొన్నాడు గానీ, పట్నం ఇంగ్లీషులోనే మాట్లాడతానన్నాడు.

శుక్రవారం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కొత్త కట్టుడు పళ్లు పెట్టుకుని వెళ్లాడు. ఆటస్థలంలో ఇరవైమంది పిల్లలు గుండ్రంగా కూర్చున్నారు.

"ప్రియమైన విద్యార్థులారా, వల అనునది మన పూర్వీకులచే..." అంటూ బట్టీ పట్టింది మొదలుపెట్టాడు.

పిల్లలు ఆవులించారు. ఒకడు బూటు లేసు విప్పి మళ్లీ కట్టుకుంటున్నాడు. మాటలకంటే వల విసిరి చూపించడమే మేలనుకున్నాడు ఎలియాజర్. తాడు మణికట్టుకు చుట్టుకుని, ఎప్పటిలాగే వల అంచును పళ్లతో కరిచిపట్టి, నడుము తిప్పి విసిరాడు.

వల గొడుగులా విచ్చుకుంది. దానితోపాటు పళ్ల సెట్టు కూడా ఎగిరి గడ్డిలో పడింది.

ఆటస్థలమంతా నవ్వులే. ఎలియాజర్ చెవులు వేడెక్కాయి. బోసినోటికి పట్నం మాట ఇక పలకలేదు. దీవి మాటే తన్నుకొచ్చింది.

"ఏటర్రా నవ్వుతారు? రొయ్యకి మాత్రం పళ్లున్నాయేటి?"

సిండా అనే పిల్ల లేచి నిలబడింది. "మా నాయనమ్మ కూడా ఇలాగే మాటాడుద్ది. బళ్లో ఇలా మాటాడొచ్చా తాతా?"

ఎలియాజర్ లవీనియా వైపు చూశాడు. ఆమె నవ్వుతూనే కళ్లు తుడుచుకుని తలూపింది.

"మాటాడొచ్చమ్మా. ఈ మాటా, ఈ వలా మనోళ్లవే," అన్నాడు సిండాతో.

ఇక అతణ్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఆఫ్రికా నుంచి సంకెళ్లు వేసి తెచ్చినవాళ్లు వట్టి చేతులతో ఓడ దిగినా, వల అల్లే పని ఆ వేళ్లలోనే వచ్చిందనీ, తన తాతకు ఆయన తాత నేర్పాడనీ చెప్పాడు. ఆ ఓడ దిగినవాళ్ల పేర్లేమిటని ఒకడు అడిగాడు. తనకు ఒక్క పేరే తెలుసన్నాడు: కుంబా. పిల్లలంతా దాన్ని గట్టిగా పలికి చూశారు.

ఆ తర్వాత ఒక్కొక్కరూ వల విసిరారు. సిండా విసిరింది అటుగా వస్తున్న హెడ్మాస్టరు తలమీద పడింది. ఆయన అందులోంచే, తనకూ కాస్త నేర్పమని అడిగాడు.