ఊల్‌ప్యాక్ తలుపులు తెరుచుకున్నాయి

జప్తుకు వచ్చిన మనిషి ముసలి ఆర్నల్డ్ చేతిలోని గ్లాసు లాక్కుని, సగం మిగిలిన బీరును గుమ్మం బయట కాలువలో పారబోశాడు. ముసలాయన ఖాళీ అయిన చేతిని అలాగే గాలిలో ఉంచుకుని కాసేపు నిలబడిపోయాడు.

మిట్టమధ్యాహ్నం. వాన సన్నగా పడుతోంది. లాంబ్ పబ్బులోంచి బల్లలు, స్టూళ్లు, బాణాలాట పలక, చివరికి మేవిస్ పడుకునే మంచం కూడా వీధిలోకి వచ్చాయి. పబ్బు నడిపే సిడ్నీ, మేవిస్ పైఅంతస్తులోనే కాపురం. దుకాణం పోతే ఇల్లూ పోయినట్టే. మేవిస్ తడుస్తున్న పరుపు మీద దుప్పటి కప్పింది. దుప్పటీ తడిసిపోతుంటే దాని మీద తన కోటు కప్పింది. చుట్టూ జనం చేరారు. చూశారు. ఎవరూ అడుగు ముందుకు వెయ్యలేదు.

ఎదురుగా వీవర్స్ పబ్బు గుమ్మంలో నిలబడ్డ డోరీన్ పిల్లింగ్ కూడా వెయ్యలేదు. లాంబ్‌ను కౌలుకిచ్చిన బీరు కంపెనీ దగ్గరే ఆమె కూడా తన పబ్బును కౌలుకు తీసుకుంది.

సిడ్నీ చేసిన నేరమల్లా, బయట బీరు కాచే చిన్న కార్ఖానా నుంచి నాలుగు పీపాలు కొనడం. కార్‌బెక్ ఊళ్లో పబ్బులన్నీ కంపెనీవే. గోడలకు అద్దె తీసుకుంటుంది. ఆ గోడల మధ్య అమ్మే బీరు కూడా తన దగ్గరే కొనాలంటుంది, బయటి ధర కంటే ఎంతో ఎక్కువకు. నేలమాళిగలో గొట్టాలకు మీటరు బిగించింది. తన దగ్గర కొన్నదానికన్నా ఎక్కువ బీరు పారితే కౌలుదారు దొంగ కింద లెక్క. గ్లాసు ధర పెంచకపోతే కౌలుదారు మునుగుతాడు. పెంచితే, ఊళ్లో నేతమిల్లు మూతపడి గోదాముల్లో గంటల కూలికి పనిచేస్తున్న మనిషి సూపర్‌మార్కెట్లో బీరు డబ్బాలు కొనుక్కుని, ఇంటికి పోయి టీవీ ముందు ఒంటరిగా తాగుతాడు. ఇది చాలదన్నట్టు సర్కారు పన్ను, కరెంటు బిల్లు. జనం మారిపోయారనీ, పబ్బులకు కాలం చెల్లిందనీ పత్రికలు రాస్తాయి. కాలం చెల్లలేదు. గొంతు పిసుకుతున్నారు. పిసికేసిన పబ్బును ఫ్లాట్లు కట్టేవాళ్లకు అమ్మితే కంపెనీకి బీరులో కంటే ఎక్కువ మిగులుతుంది.

ఆ వారంలోనే ఊళ్లోని కౌలుదార్లంతా వీవర్స్‌లో చేరారు. పబ్బుల్లో పనిచేసేవాళ్లు వచ్చారు. తాగేవాళ్లూ వచ్చారు. నార్మన్ కెర్షా మాట్లాడతాడని తెలిసి వచ్చినవాళ్లే ఎక్కువ.

నార్మన్ ఊల్‌ప్యాక్ పబ్బు కౌలుదారు. నేతమిల్లు నడిచిన రోజుల్లో యూనియన్ నాయకుడు. మిల్లు మూసేస్తామంటే నెలల తరబడి గేటు ముందు జనాన్ని నిలబెట్టిన మనిషి. డోరీన్, ఆమె భర్త ఫ్రాంక్ ఆ గేటు దగ్గర అతని పక్కనే నిలబడ్డారు. మిల్లు పోయాక వచ్చిన పరిహారంతో పబ్బు కౌలుకు తీసుకోమని చెప్పిందీ అతనే. ఇకమీద మన నెత్తిన మేస్త్రీ ఉండడన్నాడు. ఫ్రాంక్ చనిపోయినప్పుడు శవపేటికను ముందువైపు భుజాన మోసిందీ అతనే.

"కంపెనీవాళ్లు మనల్ని ఏమంటారో తెలుసుగా," నార్మన్ లేచాడు. "వ్యాపార భాగస్వాములట. భాగస్వామి మంచాన్ని ఎవడన్నా వానలో పడేస్తాడా? మనం పాలేర్లం. కాకపోతే పాలేరుకి కూలన్నా ఇస్తారు. మనం ఎదురు కట్టి చాకిరీ చేస్తున్నాం."

జనం బల్లలు చరిచారు. ఆ చప్పుడు ఆగకముందే బారు వెనక నుంచి లియాన్ లేచింది. వీవర్స్‌లో గ్లాసులందించే మనిషి, ఇద్దరు పిల్లల తల్లి.

"మీరు పాలేర్లయితే మరి నేనెవర్ని? పోయిన చలికాలం కరెంటు బిల్లు వాచిపోయిందని నా పని గంటలు సగానికి కోసింది డోరీన్. కంపెనీ మీ మెడ మీద కూర్చుంది, మీరొచ్చి నా మెడ మీద కూర్చున్నారు. ఇవాళ మాత్రం అందరం ఒకటేనంటున్నారు."

"ఇప్పుడా ఆ గొడవ?" అన్నాడో కౌలుదారు.

"ఇప్పుడే. పని అయిపోయాక మీకెవరికీ గుర్తుండదు."

డోరీన్ మొహం కందిపోయింది. అయినా తప్పించుకోలేదు. "కోసిన మాట నిజమే. ఆ గంటలన్నీ నేనే జీతం లేకుండా నిలబడ్డాను, అదీ నిజమే. గెలిస్తే మొదట నీ గంటలు వెనక్కొస్తాయి. అందరి ముందూ చెబుతున్నా."

"గెలవకపోతే?"

"ఇద్దరం ఒకే వీధిలో పడతాం."

లియాన్ ఆమెను ఎగాదిగా చూసింది. "సరే. ఉంటా," అని కూర్చుంది.

పీపాల లారీ తోలే డెరెక్ మూల నుంచి గొంతు సవరించుకున్నాడు. "లారీ తీయనని నేను అనలేను. డిపోలో నా ఉద్యోగం ఊడుద్ది. కానీ మీ కాలిబాట మీది తలుపులకి గడియ కింద నుంచే కదా ఉండేది. తీసేది మీరే. మూసున్న తలుపు బద్దలుకొట్టడం నా పని కాదు. పీపాలు తెచ్చినట్టే తీసుకుపోతా."

అక్కడ పుట్టింది ఆలోచన. ప్రతి పబ్బు ముందూ కాలిబాటలో నేలమాళిగకు రెండు చెక్కతలుపులుంటాయి. బీరు దిగేది వాటిలోంచే. బీరు దిగే రోజున ఊళ్లో ఒక్క తలుపూ తెరుచుకోకూడదు. కంపెనీ ధర తగ్గించేదాకా, సిడ్నీ దంపతుల్ని తిరిగి లాంబ్‌లోకి రానిచ్చేదాకా కంపెనీ బీరు వద్దు.

అందరూ చేతులెత్తారు. నార్మన్ తన చెయ్యి అందరికంటే పైకెత్తి అన్నాడు: "ఒక్క తలుపు తెరుచుకుంటే అందరి మెడలూ తెగినట్టే. గుర్తుపెట్టుకోండి."

మొదటి వారం లారీ కొండవాలు ఎక్కుతూ ప్రతి పబ్బు ముందూ ఆగింది. హారన్ కొట్టింది. ఎక్కడా గడియ కదలలేదు. నిండు పీపాలతో అది కిందికి దిగిపోతుంటే వీధికి రెండువైపులా నిలబడి జనం చప్పట్లు కొట్టారు. డెరెక్ నవ్వు దాచుకోలేక మొహం అటు తిప్పుకున్నాడు. మిల్లు మూతపడ్డాక ఆ ఊళ్లో జనం అంతమంది కలిసి నవ్వడం అదే మొదటిసారి.

తర్వాత కుళాయిలు ఎండిపోయాయి. డోరీన్ పెద్దగ్లాసుల్లో టీ పోసింది. బఠానీ సూపు కాచింది. ఆర్నల్డ్ రోజూ వచ్చి తన కుర్చీలోనే కూర్చుని, టీ గుటకేసి, "ఈ బీరులో పంచదార ఎక్కువైంది పిల్లా," అనేవాడు. కడుపుబ్బ నవ్వాల్సిన మాటేమీ కాదు. అయినా నవ్వేవాళ్లు. ఎన్నికల ముందు ఇదే బారులో గ్లాసు పట్టుకుని ఫొటో దిగిన పార్లమెంటు సభ్యుడికి ఫోన్ల మీద ఫోన్లు చేశారు. ఇది ప్రైవేటు ఒప్పందం కనుక ఆయన కలగజేసుకోలేరని ఆయన గుమాస్తా చెప్పాడు.

ఒకరోజు కంపెనీ మేనేజరు ఫేరంట్ వచ్చాడు. సన్నటి మనిషి, మర్యాదైన గొంతు. డోరీన్ కట్టుబడి ఉండటాన్ని తను గౌరవిస్తాడట.

"అయితే ఒక్క విషయమండీ. మిగతావాళ్లు మాతో విడివిడిగా మాట్లాడుతున్నారు. చివరికి మిగిలేది మీరొక్కరే. అప్పుడు మీకివ్వడానికి మా దగ్గర ఏమీ ఉండదు."

"తలుపు అటుంది," అంది డోరీన్.

అతను పోగానే ఆమె కొట్టు మూసి ఊల్‌ప్యాక్‌కు వెళ్లింది. నార్మన్‌కు అంతా చెప్పింది. నార్మన్ పడీపడీ నవ్వాడు.

"మిల్లు గేటు దగ్గర కూడా ఇదే పాట పాడలా? విడగొట్టడం వాళ్ల వృత్తి. నువ్వు గట్టిగా ఉండమ్మా. ఫ్రాంక్ ఉంటే అదే అనేవాడు." తర్వాత గిన్నె దగ్గరకు లాక్కుని, ఆమె తెచ్చిన సూపు ఆఖరి చుక్కదాకా తాగాడు.

ఆ మాటలు ఒంట్లో వేడిగా నింపుకుని ఇంటికొచ్చింది డోరీన్.

ఆ తర్వాత బీరు దిగే రోజున వీవర్స్ ముందు తలుపుల మీద లియాన్‌తో పాటు నిలబడింది. లారీ వచ్చింది. హారన్ కొట్టింది. ముందుకు సాగింది. దాని వెనకే ఫేరంట్ కారు. ఎప్పుడూ లేనిది కారెందుకని లియాన్ అంటూ ఉండగానే, కొండవాలు పైన ఊల్‌ప్యాక్ ముందు లారీ ఆగింది.

గడియ తీసిన చప్పుడు వీధంతా వినబడింది. కాలిబాట మీద ఒక తలుపు లేచింది. రెండోదీ లేచింది. కింది చీకట్లోంచి నార్మన్ తల, భుజాలు పైకొచ్చాయి. అతను ఎటూ చూడలేదు. పీపాల వైపే చూశాడు.

డెరెక్ సీట్లోంచి దిగలేదు. ఇంజను ఆపేసి, తాళం చెవి జేబులో వేసుకుని చేతులు కట్టుకున్నాడు.

"దించు," అన్నాడు ఫేరంట్.

"నడుం పట్టేసిందండీ."

"నీ ఉద్యోగం పోతుంది."

"పోనీండి. నడుం మిగుల్తది."

చివరికి ఫేరంట్ కోటు విప్పి, నార్మన్‌తో కలిసి తనే పీపాలు దొర్లించాడు. జనం గుమ్మాల్లోంచి చూస్తున్నారు. రాళ్ల మీద పీపాలు దొర్లే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

డోరీన్ కొండవాలు ఎక్కి అతని ఎదుట నిలబడింది.

"ఎన్నాళ్ల నుంచి?" అని అడిగింది.

నార్మన్ పీపా వదిలి నడుం నిటారు చేశాడు. "అరిచి తిట్టు డోరీన్. తిట్టించుకుంటా."

"ఎన్నాళ్ల నుంచని అడిగాను."

"ఫేరంట్ నీ దగ్గరికొచ్చాడే... అంతకు ముందే నా దగ్గరికొచ్చాడు."

"అంటే నా సూపు తాగినప్పటికే."

అతను తల వంచాడు. "ఈ వీధిలో రెండు పబ్బులు నడవవన్నారు. ఒకటి ఉంచి ఇంకోటి అమ్మేస్తామన్నారు. ఏది ఉంచాలో నన్నే చెప్పమన్నారు. నేనేం చెయ్యను? ముసలాణ్ని. మిల్లు దగ్గర ఓడిపోయాను. ఇంకోసారి ఓడిపోయే ఓపిక లేదు నాకు."

"మిల్లు దగ్గర నువ్వు ఓడిపోలేదు నార్మన్. మేం ఓడిపోయాం. నువ్వు మాట్లాడావు."

అంతే అంది. ఆమెకు ఏడుపు రాలేదు. తను ఇన్నేళ్లూ ఏ మనిషి వెనక నిలబడిందో, ఆ చోట అసలు మనిషే లేడని తెలిసినట్టయింది. ఫ్రాంక్ పోయిన రోజున కూడా ఇంత ఒంటరిగా అనిపించలేదు. ఫ్రాంక్ కావాలని పోలేదు.

సాయంత్రమయ్యేసరికి మిగతా కౌలుదార్లు ఒక్కొక్కరే ఫేరంట్‌కు ఫోన్ చేశారు. నార్మనే తెరిచాక మనమెంత అనుకున్నారు. డెరెక్ ఉద్యోగం ఆ రోజే ఊడింది. వీవర్స్ ఖాళీ చెయ్యాలన్న కబురు కూడా త్వరలోనే వచ్చింది.

డోరీన్ కుళాయిలకు గుడ్డ కప్పి, పెట్టె సర్దుకోబోయింది. లియాన్ ఆ పెట్టెను కాలితో పక్కకు నెట్టింది.

"తెరిచింది వాళ్లు. నువ్వూ నేనూ ఇంకా తెరవలేదు కదా."

"ఎవరున్నారే మనతో?"

"బయటికొచ్చి చూడు."

ఆర్నల్డ్ ఉన్నాడు. డెరెక్ ఉన్నాడు. గోదాములో రాత్రిపాళి దిగి నేరుగా వచ్చినవాళ్లున్నారు. సిడ్నీ, మేవిస్ ఉన్నారు. ఊల్‌ప్యాక్‌లో నిండు పీపాలున్నాయి. వీళ్లు మాత్రం వీవర్స్‌లో టీ అడుగుతున్నారు.

గడువు రోజున జప్తు మనుషులు పోలీసుల్ని వెంటబెట్టుకుని పొద్దున్నే వచ్చారు. లాంబ్ ముందు ఆ రోజు చూస్తూ నిలబడ్డ జనమే ఈసారి లోపల కూర్చున్నారు. బల్లల కింద కాళ్లు పెనవేసుకుని, ఒకరి మోచేతిలో ఒకరు చెయ్యి దూర్చి కూర్చున్నారు. ఒక్కొక్కర్ని విడదీసి మోసుకుపోవాల్సి వచ్చింది. ఆర్నల్డ్‌ను ఎత్తుతున్న కుర్ర పోలీసుతో ఆయన, "మెల్లగా అబ్బాయ్, మీ నాయనమ్మా నేనూ ఒకే మగ్గాల వరసలో పనిచేశాం," అన్నాడు. కుర్రాడు మెల్లగానే దించాడు. డోరీన్ బారు చెక్కను రెండు చేతులా పట్టుకుంది. వేళ్లు ఒక్కొక్కటీ విప్పి, చేతులు వెనక్కి విరిచి ఆమెను వ్యానెక్కించారు.

మధ్యాహ్నం దాటాక స్టేషను నుంచి వదిలిపెట్టారు. బయట లియాన్ నిలబడి ఉంది.

"వీవర్స్‌కు చెక్కలు కొట్టేశారు," అంది. "కిటికీలన్నిటికీ."

డోరీన్ మెట్టు మీద కూలబడింది. లియాన్ పక్కనే కూర్చుంది.

"ఇంకో మాట విను. డెరెక్‌ను తీసేసింది చాలక వీవర్స్ మీదికి పోలీసుల్ని తెచ్చారని డిపోలో ఒక్కడూ లారీ తియ్యలేదు. పొద్దుట్నుంచి ఈ లోయలో ఎక్కడా బీరు దిగలా. పక్క ఊరు హెల్మ్‌షా కౌలుదార్లు కబురంపారు. ఇవాళ సాయంత్రం మీటింగట, మనల్ని రమ్మంటున్నారు. ఎలా నిలబడ్డారో చెప్పమంటున్నారు."

"ఎలా పడిపోయామో చెప్పాలి," అంది డోరీన్.

"అదే చెబుదాం. గడియ లోపల ఒక్కడి చేతిలో ఉండబట్టి పడిపోయాం. ఈసారి తలుపుల మీద బయట నుంచి గొలుసులెయ్యాలి. ఆ గొలుసు దగ్గర తాగేవాళ్లు, పనివాళ్లు, లారీవాళ్లు వంతులేసుకుని కూర్చోవాలి. మాట్లాడేది కూడా ఒక్కడే కాకూడదు."

డోరీన్ నొప్పి పెడుతున్న మణికట్లు రుద్దుకుంటూ లేచింది.

బస్‌స్టాండుకు వచ్చేసరికి వీవర్స్ జనం కొందరు అప్పటికే బస్సులో కూర్చున్నారు. డోరీన్ ఎక్కుతుండగా వెనక నుంచి పిలుపు వినిపించింది. నార్మన్. మంచి కోటు వేసుకుని ఉన్నాడు. ఊల్‌ప్యాక్‌కు తాళం పెట్టి వచ్చాడు. తెరిచి ఉంచినా లోపలికి పోయేవాళ్లు ఎవరూ లేరు.

"హెల్మ్‌షా వెళ్తున్నారట," అన్నాడు. "నేనూ వస్తాను. అక్కడివాళ్లకు నేను తెలుసు. నా మాటైతే వింటారు డోరీన్."

బస్సులో సగం సీట్లు ఖాళీగా ఉన్నాయి. అది అతనికీ కనబడుతోంది.

"చోటు లేదు నార్మన్," అంది డోరీన్.

అతను కిటికీల్లోంచి లోపలికి చూశాడు. అందరూ అతని వైపే చూస్తున్నారు. ముందు సీట్లో ఆర్నల్డ్ తన టోపీ తీసి, పక్కనున్న ఖాళీ సీటు మీద పెట్టాడు. ఆర్నల్డ్ వెనక మేవిస్ తన పక్క సీటు మీద చేతిసంచి పెట్టింది. డెరెక్ కోటు విప్పి పరిచాడు. బస్సు చివరిదాకా ఒక్కొక్క ఖాళీ సీటే నిండిపోయింది.

డ్రైవరు తలుపు మూశాడు.