పైపు నోట్లో మన్ను

నోరు లేనిదానికి నోరు పెడితే ఏమైతాదో మా ఊరోళ్ళను అడగండప్పా. బెంగుళూరు నుంచి హేమ అనే పిల్ల, ఆ పిల్లతో ఇంకొంతమంది మా ఆంజనేయస్వామి పరుషకు వచ్చినారు. కళాకారులంట. జాతర్లలో జనంతోనే ఆడిపిచ్చి, పలికిపిచ్చే కళంట వాళ్ళది. ఎండిపోయిన బోర్లలోంచి పీకిన పైపులు కళ్యాణదుర్గం తట్టు యాడాడో ఏరుకొచ్చి గుడి ముందర బయల్లో మనిషెత్తున పాతినారు. ఒక పైపులో మాట చెప్తే మిషన్ దాన్ని దాచుకొని, ఇంకో పైపులో పలికిస్తాది. పిల్లోళ్ళకు మంచి ఆట. నేనూ ఒక దాంట్లో నా మొగున్ని నాలుగు తిట్లు తిట్టి వస్తి.

ఎదురింటి ఆంజినమ్మ నాకు వరసకు కోడలు. వాళ్ళమ్మ అక్కమ్మ పోయినేడు ఎండల్లో సచ్చిపోయింది. ఆయమ్మకు కడుపు మీద, తొడల మీద బొల్లి మచ్చలు. కూతురికి తప్ప ఎవురికీ తెలీదు. మా తట్టు బొల్లి ఉన్నోళ్ళను మట్టి చేయకూడదంటారు, చేస్తే మోడాలు విరిగిపోయి వాన పడదంట, కాల్చాల్నంట. ఈ మాట పుట్టిచ్చినోని నాలుక తెగ! అక్కమ్మకేమో మంటంటే ప్రాణం పోయేంత భయం. పొయ్యికాడ చీర అంటుకొని చెయ్యి కాలిచ్చుకున్న మనిషి. తనను కాల్చకూడదని కూతురితో ఒట్టేపిచ్చుకొనింది. ఆంజినమ్మ పీనుగకు తనే నీళ్ళు పోసి, ఒళ్ళంతా దట్టంగా పసుపు పూసి, ఎవురినీ దగ్గరికి రానియ్యకుండా తన చేన్లోనే గుంత తీపిచ్చింది. అయినోళ్ళమంతా తలా పిడికెడు మన్ను ఏస్తిమి. తల్లి మీద ఎంత ప్రేమో అనుకుంటిమి.

పరుష మొదటిరోజు పొద్దున్నే ఆంజినమ్మ గుడికి టెంకాయ తీసుకొని పోయింది. జనం ఇంకా రాలే. హేమ పిలిచి, పోయినవాళ్ళతో అయినా సరే మాట్లాడచ్చమ్మా, భూమి వింటుంది అనిందంట. తల్లి మీద బెంగతో ఉండే బిడ్డకు ఇంకేం కావల్ల? పైపుకు మూతి ఆనిచ్చి మనసులోది చెప్పింది. ఆ మాట పక్క పైపుల్లో బయటికొస్తాదని ఆ పిల్ల చెప్పలే. బోర్డు మీద రాసినామని తర్వాత అనింది. ఆంజినమ్మకు సదువు యాడ వచ్చు?

హేమకు ఆ మాట శానా నచ్చిందంట. ఇంత నిజమైన గొంతు మళ్ళా దొరకదని అన్ని పైపుల్లోనూ అదే పెట్టింది. మద్దేన్నానికి ఊరు ఊరంతా చెవులు ఆనిచ్చి వింటాంది.

"అమ్మా, నీ బొల్లి ఎవురికీ తెలీదులే. నిన్ను కాల్చనియ్యను. చేన్లో సల్లగా పండుకో."

నేనూ వింటి. ఊరి పెద్ద బయ్యన్న రెండుసార్లు విని, మొగోళ్ళను గడ్డపారలు తెమ్మన్న్యాడు. అక్కమ్మ పోయినప్పటి నుంచి దుక్కి దున్నేంత పదును వాన పడలేదంట. అంతకుముందు యాడ పడిందప్పా అని అడిగినా. ఆడదానివి నీకేం తెలుసు పో అన్న్యాడు. హేమ అడ్డం పోయి, అది కళండీ, కళ అని ఏడ్చింది. కళో కిళో, వాళ్ళకు బొల్లి అనే మాట దొరికింది, సాలు.

ఆంజినమ్మ పోయి గుంత మీద బోర్లా పండుకునింది. కాళ్ళు చేతులు పట్టి ఎత్తి పక్కన పారేసినారు. గుంతలోంచి తీసినదాని మీద పాత టైర్లు ఏసి, పెట్రోలు పోసి అంటిచ్చినారు. కూతురు సూస్తాండంగానే. అప్పుడు పాడు మోడం ఒకటి యాన్నించి వచ్చిందో, వాన దిగింది. మొగోళ్ళు ఎగిరినారు. బయ్యన్న ఆ సగం కాలినదానికి దండం పెట్టి, దుక్కి దున్నేదానికి పరిగెత్తినాడు. అందరూ పోయినారు. వాన మంట ఆర్పేసింది. ఆంజినమ్మ, నేను ఆ బురదను చేతుల్తోనే తోసి తల్లిని మళ్ళా కప్పినాము. నాగలి కట్టేలోపలే వాన ఆగిపోయింది.

తెల్లారి అందరూ మళ్ళా వచ్చినారు. ఒక్కడు కూడా తలకాయ వంచుకోలే.

"సగమే కాలింది, అందుకే సగమే కురిసింది" అన్న్యాడు బయ్యన్న.

మిగిలింది కూడా తవ్వి బూడిద చేసినారు. ఈసారి ఆంజినమ్మ అడ్డం రాలే. నేను ఎతుక్కుంటా పోతే పైపుల కాడ ఉండాది. పైన ఒక్క మోడం లేదు, కండ్లు పొడిచేంత ఎండ. హేమవాళ్ళు సామాన్లు సర్దుతాండారు. ఆ గొడవలో మిషన్ ఆపేది మర్చిపోయినారో ఏమో, పైపులన్నీ పలుకుతానే ఉండాయి, నిన్ను కాల్చనియ్యను, చేన్లో సల్లగా పండుకో అని.

"నా నోట్లో మన్ను పడ" అనింది ఆంజినమ్మ.

వంగి పిడికెడు మన్ను తీసి పైపు నోట్లో ఏసింది. ఇంకో పిడికెడు. నాకు అర్థమైంది. నేనూ ఏసినా. హేమ ఏడ్చుకుంటా వచ్చి, వంగి తనూ ఇంత మన్ను తీసింది. ఆంజినమ్మ ఆ చెయ్యి పట్టుకొని విదిలిచ్చి కొట్టింది.

"మన్ను ఏసేది అయినోళ్ళు. నువ్వు మాకు ఏమైతావు?"

పైపు నిండేకొద్దీ గొంతు సన్నమై ఆగిపోయింది. మిగిలిన పైపులు ఇంకా పలుకుతాండాయి. ఆంజినమ్మ ఒడినిండా మన్ను ఎత్తుకొని పక్క పైపు కాడికి పోయింది.